మీ తాతయ్యని అడగాల్సినవి

ట్రిప్లికేన్, చెన్నై
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మొన్న పండక్కి వచ్చినప్పుడు మీ అరుగు మీద కూర్చుని నువ్వొక మాటన్నావు, గుర్తుందా? "సోషల్ చెప్పడానికి రెండేళ్ళు ట్రైనింగ్ ఎందుకురా, పుస్తకం చదివించి ముఖ్యమైనవి అండర్‌లైన్ చేయిస్తే సరిపోదా?" అన్నావు. మనకి సోషల్ అలాగే చెప్పారు కాబట్టి ఆ పూట నేనేమీ అనలేకపోయాను. కానీ తిరిగి వస్తుంటే సూళ్ళూరుపేట దాటేదాకా అదే ఆలోచన. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో నీకు షాపులో బేరం వస్తుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు, చివర్లో నీతో ఒక పనుంది.

ఇప్పుడు నాది బీఎడ్ రెండో సంవత్సరం. 2015 నుంచి ఈ కోర్సు రెండేళ్ళయింది కదా, ఈ ఏడాది పదహారు వారాలు బడిలోనే ఉండాలి. మైలాపూరు వైపు ఒక స్కూల్లో నాకు తొమ్మిదో తరగతి ఇచ్చారు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, వీధిలో తమిళం. క్లాసులో సగం మంది ఇళ్ళల్లో మాత్రం తెలుగు. తాతల కాలంలో మన వైపు నుంచి వచ్చినవాళ్ళు. తెలుగు చదవడం, రాయడం రాదు, మాట్లాడితే మాత్రం మన నెల్లూరోళ్ళ లాగే "ఏంది సార్" అంటారు. మొదటి రోజు ఆ మాట విని నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయిరా.

ముందు నా మొదటి లెసన్ ప్లాన్ సంగతి చెబుతాను. ప్రతి పాఠానికీ ముందు రోజే ప్లాన్ రాసి గైడ్ టీచర్‌కి చూపించాలి. అందులో ఒక పక్క టీచర్ చేసే పని, ఇంకో పక్క పిల్లలు చేసే పని రాయాలి. నేను రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని టీచర్ పక్క అంతా నింపేశాను. తారీఖులు, యుద్ధాలు, ఒప్పందాలు, ఏ ఒక్కటీ వదల్లేదు. మా గైడ్ టీచర్ తమిళావిడ, పాతికేళ్ళ పైన సర్వీసు. ఎర్ర పెన్ను తీసి నా వైపు రాసినదాన్ని ముట్టుకోనే లేదు. పిల్లల పక్కకి పోయి ఒక్కో మాటకీ సున్నా చుట్టుకుంటూ వచ్చారు. వింటారు. వింటారు. రాసుకుంటారు. వింటారు. మొత్తం ఎనిమిది సున్నాలు. "నలభై నిమిషాల్లో వాళ్ళకి నువ్వు ఏ పనీ ఇవ్వలేదు" అని మాత్రం అన్నారు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వన్న అండర్‌లైన్ పద్ధతికి నా జవాబు ఆ ఎనిమిది సున్నాలే.

మొదటి ఏడాది మాకు మైక్రో టీచింగ్ ఉంటుంది. తోటి విద్యార్థులే పిల్లల్లాగా కూర్చుంటారు. ఐదారు నిమిషాలు ఒకే ఒక్క నైపుణ్యం మీద పాఠం చెప్పాలి, తప్పులు చెప్పించుకోవాలి, మళ్ళీ చెప్పాలి. చాలామందికి అదొక తంతు. నాకు మాత్రం అందులో ఒక విషయం బాగా పట్టుకుంది. ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో క్లాసు గదుల్లో రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారట, వెంటనే తామే అందుకుంటున్నారట. కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా నోరు విప్పుతారు. మూడు సెకన్లు ఎంతలే అనుకుంటాం. బోర్డు ముందు నిలబడి నలభై మంది నీ మొహం చూస్తుంటే ఆ మూడు సెకన్లు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

నేనుండే మాన్షన్ (మగవాళ్ళు అద్దెకుండే లాడ్జి) నుంచి నడిస్తే తిరువల్లిక్కేణి స్టేషన్. లోకల్ రైలు పైన వంతెన మీద పోతుంది, కింద స్తంభాల మధ్య నల్లగా కదలని నీళ్ళు. మా పిల్లల్లో కొందరి ఇళ్ళు ఆ గట్టునే. "అదేంటి?" అని అడిగితే అందరూ "కూవం సార్" అన్నారు. ఇక్కడ వాసన వచ్చే నీళ్ళు ఏవైనా కూవమే. కానీ అది కూవం నది కాదురా. బకింగ్‌హామ్ కాలవ. మీ ఊరి తూర్పున ఉన్న కాలవే!

వలస పాలన పాఠం వచ్చినప్పుడు దీన్నే పట్టుకున్నాను. "మీ ఇంటి వెనక కాలవ ఎవరు తవ్వారు?" అని బోర్డు మీద రాశాను. కార్పొరేషన్ అన్నారు, ఎమ్మార్టీఎస్ వాళ్ళు, అంటే ఆ లోకల్ రైలు వాళ్ళు అన్నారు, వానకి దానంతట అదే పడింది అన్నాడొకడు. అన్నీ బోర్డు మీద రాయించాను. తర్వాత మ్యాప్ పరిచాం. 1806లో కాక్రేన్ అనే ఆయన మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన కాలవ ఇది. 1837లో ప్రభుత్వం తీసుకుంది. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా ఉత్తరాన మన పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా సాగింది. మా పిల్లల ఇళ్ళ వెనక ఉన్న ముక్క, అంటే కూవానికీ అడయారుకీ మధ్య ఎనిమిది కిలోమీటర్లు, 1877-78లో కరువు పనుల కింద, అంటే తిండి లేని జనానికి కూలి ఇచ్చి చేయించే పనుల కింద తవ్వారు. అప్పటి గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. ఆయన పేరే పెట్టారు.

ఇక్కడిదాకా చెప్పి ఊరుకుంటే ఇంకో అండర్‌లైన్ అయ్యేది. 1877 మొదట్లో కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకి ఒక పౌండు ధాన్యం, పైన ఒక అణా ఇవ్వాలని, కరువు చూడమని ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. దానికి టెంపుల్ కూలి అని పేరు. నేను మెస్సులో కాటా అడిగి తీసుకున్నాను, కిలో బియ్యం కొన్నాను. క్లాసులో స్టీలు పళ్ళెం పెట్టి పిల్లల చేతే తూకం వేయించాను. పౌండంటే దాదాపు 450 గ్రాములు. ఒకడు గుప్పెళ్ళతో పోస్తున్నాడు, ఇంకొకడు అంకె చూస్తున్నాడు, కాస్త ఎక్కువైతే చిటికెడు చిటికెడు తీస్తున్నారు. 450 రాగానే అందరూ లేచి పళ్ళెం చుట్టూ మూగారు.

"ఇది తిని పొద్దున్నించీ సాయంత్రం దాకా మట్టి తవ్వాలి, మోయాలి. ఏమంటారు?" అని అడిగి ఆగాను. ఒకటి, రెండు, మూడు. ఎవరూ మాట్లాడలేదు. నాకు టెన్షన్ మొదలైంది, నోటిదాకా మాట వచ్చింది, అయినా ఆపుకున్నాను. అప్పుడు ఒకమ్మాయి, తల్లి పొద్దున్నే పనికి పోతే ఇంట్లో వంటంతా తనే చేసే పిల్ల, అప్పటిదాకా ఒక్క జవాబూ చెప్పని పిల్ల, బియ్యంలో వేళ్ళు పెట్టి కదిలించి "పప్పేది సార్?" అంది.

శీనూ, ఆ ఏడాది మద్రాసులో శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ ప్రభుత్వంతో పోట్లాడింది సరిగ్గా ఆ మాట మీదే. ఉత్త ధాన్యంతో కష్టం చేసే మనిషి నిలబడలేడు, ధాన్యం పెంచాలి, పప్పూ కూరగాయలూ కలపాలి అని ఆయన వాదన. పద్నాలుగేళ్ళ పిల్ల పళ్ళెంలో వేళ్ళు పెట్టి అదే చెప్పింది. నేను ఆ సంగతి చెప్పేలోపే ఒక కుర్రాడు లేచి "అణా ఉంది కదా, దాంతో పప్పు కొనుక్కోవచ్చు" అన్నాడు. ఆ పిల్ల ఊరుకోలేదు. "కరువులో పప్పు ధర ఎంత? ఇంట్లో పనికి రాలేని ముసలోళ్ళుంటే?" అంది. ఇంక నా అవసరం లేకపోయింది. బెల్లు కొట్టినా వాదన ఆగలేదు. ఆ కూలి అదే ఏడాది కొంత పెంచారని మర్నాడు చెబితే, "ఎంత పెంచారు, తూకం వేద్దాం" అన్నారు!

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. ఇంట్లో పెద్దవాళ్ళని ఆ కరువు గురించి అడిగి రమ్మన్నాను. ఒక తమిళ కుర్రాడు వాళ్ళ పాట్టి నోటి నుంచి "తాదు వరుషప్ పంజం" అన్న మాట తెచ్చాడు. మన వైపు పిల్ల ఒకతి వాళ్ళ జేజి "ధాత కరువు" అంటుందని చెప్పింది. రెండూ ఒకటే! ధాత నామ సంవత్సరం. బోర్డు మీద అరవై అరవై వెనక్కి లెక్కేయించాను. 1996, 1936, 1876. కరువు మొదలైన ఏడాది దానంతట అదే వచ్చి నిలబడింది. చదువురాని ముసలమ్మ నోట్లో తారీఖు ఉందిరా! పంచాంగం పేర్లు బట్టీ పట్టడానికి తప్ప దేనికని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ పిల్లలకి ప్రభవ, విభవ మొత్తం కావాలట.

అన్ని రోజులూ ఇలాగే ఉంటాయని అనుకోకు. దీనికి ముందు మమ్మల్ని పరిశీలనకి పంపిన ఇంకో బడిలో సగం రోజులు రిజిస్టర్లు రాయించారు, రాని టీచర్ల క్లాసుల్లో పిల్లల్ని అరవకుండా కాపలా కాయించారు. నేర్చుకోవడానికి పోయినవాళ్ళని అలా వాడుకోవడం తప్పు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

పోయిన వారం మాత్రం నిజంగా భయపడ్డాను. భాషా రాష్ట్రాల పాఠం. ఉపోద్ఘాతం కాకముందే వెనక బెంచీ నుంచి ఒకడు "సార్, మద్రాసు ఎవరిది?" అన్నాడు. క్లాసు రెండుగా చీలింది. వాళ్ళకి నవ్వులాట, కానీ నేను తెలుగువాణ్ణి, ఏం చెప్పినా ఒక పక్షమైపోతుంది. ఆ క్లాసు నుంచి నడిచిపోయే దూరంలోనే, రాయపేట హైరోడ్డులో ఒక ఇంట్లో, మీ జిల్లాకి ఎవరి పేరు పెట్టారో ఆ పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న దీక్షకి కూర్చున్నారు. 58 రోజులు. డిసెంబర్ 15 రాత్రి అక్కడే పోయారు. నాలుగు రోజులకి నెహ్రూ ప్రకటన, మరుసటి ఏడాది అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం. ఇదంతా మనం చదువుకున్నాం. కానీ మద్రాసు తమిళులకే ఉండాలని తమిళ నాయకుడు మ.పో. శివజ్ఞానం నడిపిన ఉద్యమం గురించి గానీ, చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960లో ఇటు, మద్రాసు రాష్ట్రంలోకి వచ్చిన సంగతి గానీ బడిలో ఒక్క మాట విన్నట్టు నాకు గుర్తులేదు. ఇక్కడి పిల్లలకి శ్రీరాములు గారు మద్రాసులోనే పుట్టారని తెలియదు.

అందుకే రెండు వైపులదీ బోర్డు మీద పక్కపక్కన పెట్టాను. తెలుగు పిల్లల చేత శివజ్ఞానం వైపు, తమిళ పిల్లల చేత శ్రీరాములు గారి వైపు మాట్లాడించాను. మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఎంత బాగా మాట్లాడారో. తెలుగు నాయకుడైన దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అయిందని ఒక తమిళ కుర్రాడు మన తరఫున వాదించాడు! ఈసారి గైడ్ టీచర్ నా ప్లాన్ మీద ఎర్ర పెన్ను పెట్టలేదు. శనివారం పిల్లలందరినీ శ్రీరాములు గారు దీక్ష చేసిన ఆ ఇంటికి తీసుకెళ్దామా అని మాత్రం అడిగారు.

ఉద్యోగం సంగతి అడిగావు. కోర్సు అయ్యాక టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష రాయాలి. కేంద్రం పెట్టే సీటెట్ రెండో పేపర్లో 150కి 60 మార్కులు సోషల్‌వే, 90 వస్తే పాసు. తర్వాత మన దగ్గర డీఎస్సీ. చదువుతున్నాను, దాని గురించి బెంగ లేదు.

ఇక నీతో పని. పిల్లలు ఇప్పుడు ఒకటే గోల. కాలవలో పడవలు నిజంగా నడిచాయా, ఎవరు నడిపారు, చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. 1965, 66 తుపానులకి కాలవ దెబ్బతిన్నాక పడవలు తగ్గిపోయాయి కాబట్టి, చూసినవాళ్ళు ఇక్కడ దొరకడం లేదు. మీ తాతయ్య ఉన్నారు కదరా! కుర్రతనంలో పడవ మీద మద్రాసు వచ్చేవాణ్ణని మనకి ఎన్నిసార్లు చెప్పారు, మనం విన్నామా?

పొద్దున్న కాఫీ తాగాక ఆయన ఓపిగ్గా ఉంటారు, అప్పుడు పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చెయ్యి. మీ ఊరి నుంచి మద్రాసుకి ఎన్ని రోజులు పట్టేది, పడవలో ఏం వేసుకొచ్చేవారు, ఉప్పా, సర్వి కట్టెలా, ధాన్యమా? గాలి లేనప్పుడు గట్టు మీద తాడు కట్టి లాగేవారా, గెడ వేసేవారా? లాకుల దగ్గర రాత్రి ఆగితే వంట ఎక్కడ, ఏం వండుకునేవారు? ఈ చివరిది తప్పకుండా అడుగు, ఆ పప్పు పిల్ల కోసం. ఒక్కోటి అడిగాక వెంటనే ఇంకోటి అడక్కు. ఆయన ఆలోచించుకోవాలి, కాసేపు ఆగు. మధ్యలో దగ్గినా, వేరే కథలోకి పోయినా కట్ చెయ్యకు, అంతా పంపించు. ఆయన యాస పిల్లలు వినాలి.

వచ్చే శుక్రవారం మూడో పీరియడ్. గురువారం రాత్రికల్లా పంపితే చాలు. తాతయ్యకి నా నమస్కారాలు చెప్పు, అమ్మని అడిగానను.

నీ
రమణ