బొమ్మకు ధర చీటీ ఒక్కటే చాలదు

అయ్యా,

కొండపల్లి బొమ్మల గిరాకీ గురించి చర్చ వచ్చినప్పుడల్లా ప్రచారం మాటే వినిపిస్తుంది. దుకాణంలో బొమ్మ పక్కన ఏం రాసి ఉందో ఎవరూ చూడరు. ఆ రాతకు ఎంత విలువో చెప్పే ఉదాహరణ ఒకటి: 1950లో న్యూయార్క్‌ మోడరన్ ఆర్ట్ మ్యూజియం, షికాగోలోని మర్చండైజ్ మార్ట్‌తో కలిసి 'గుడ్ డిజైన్' ప్రదర్శనలు మొదలుపెట్టింది. ఎంపికైన కుర్చీలు, గిన్నెలు ఆ ముద్రతోనే అంగళ్లలోకి వెళ్లాయి. మన దగ్గరా 1958లో అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతుల నివేదిక మామూలు చెంబు రూపాన్ని ఎంతో మెచ్చుకుంది. దాని సూచనతోనే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

విజయవాడ ఎంపోరియాల్లో మాత్రం అంబారీ ఏనుగుకు ధర చీటీ తప్ప మరేమీ ఉండదు. అది తెల్ల పొణికి కర్ర అనీ, భాగాలు విడివిడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారనీ, ఆపైన సున్నం పూసి రంగులు వేస్తారనీ కొనేవారికి ఎలా తెలుస్తుంది? కర్రలో తేమ పూర్తిగా పోకముందే చెక్కితే తర్వాత అది ముడుచుకుని అతుకుల దగ్గర పగులుతుంది, రంగు పెచ్చులూడుతుంది. అందుకే కొనేముందు తొండం, కాళ్ల అతుకులు తిప్పి చూడాలి. ఇది అమ్మేవారే చెప్పాలి.

చేసిన కళాకారుడి పేరు, కర్ర, రంగు రకం రాసిన చిన్న అట్టముక్క చాలు. దాని వెనకవైపు మరో రెండు మాటలు: తడిగుడ్డతో తుడవొద్దు, మెత్తటి పొడి కుంచె వాడండి, నేరుగా ఎండ తగిలే కిటికీలో పెట్టొద్దు.

– హస్తకళాభిమానులు, విజయవాడ