సంక్రాంతి సరుకులో 240 హెర్ట్జ్ మానిటర్లు ఉండవు

పండగ సరుకుకు ఆర్డరు పెట్టే ముందు మా కస్టమర్లకు ఒక మాట చెప్పాలి. అమలాపురంలో మాది చిన్న కంప్యూటర్ల షాపు. గేమ్ కన్సోల్‌కు (తెరకు తగిలించి ఆటలు ఆడే యంత్రానికి) మానిటర్ కావాలని వచ్చేవారి కోసం తెప్పించే సరుకును ఈసారి బాగా మార్చాం. 34 అంగుళాల వంపు మానిటర్లు, 240 హెర్ట్జ్ (అంటే సెకనుకు 240 సార్లు బొమ్మ మార్చే) మానిటర్లు ఇకపై కంప్యూటర్ ఉన్నవారు ముందుగా చెబితేనే వస్తాయి. మిగతాది 27 అంగుళాల 1440పి సరుకు ఎక్కువగా, 4కె కొద్దిగా, 24 అంగుళాల మామూలువి (1080పి) మరికొన్ని. ఈ పేర్లు బొమ్మలో ఎన్ని చుక్కలు ఉంటాయో చెబుతాయి: 1080పి కన్నా 1440పిలో, దానికన్నా 4కెలో బొమ్మ స్పష్టం. పక్కన పెట్టిన వాటిలోనే మాకు నాలుగు డబ్బులు ఎక్కువ మిగిలేవి. దాచడం దేనికి? కానీ కన్సోల్ దగ్గర వాటికి ధరకు తగ్గ పని లేదు.

మా దగ్గరికి వచ్చేవారి ఇళ్లలో ఉన్నవి ముఖ్యంగా సోనీ పీఎస్5 (ప్లేస్టేషన్ 5), మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ లేదా ఎక్స్ కన్సోళ్లు. కువైట్ నుంచో దుబాయ్ నుంచో మేనమామలు తెచ్చిన నింటెండో స్విచ్ 2 కూడా ఈ మధ్య కనిపిస్తోంది. వీటిలో ఏదీ సెకనుకు 120 కన్నా ఎక్కువ ఫ్రేములు (బొమ్మలు) బయటికి పంపదు. స్విచ్ 2 అయితే టీవీకి పెట్టినప్పుడు 4కెలో 60తోనే సరి, 120 కావాలంటే 1440పికో 1080పికో దిగాలి. ధవళేశ్వరంలో వదిలిన నీరే తక్కువైనప్పుడు మన చేను బోదె వెడల్పు చేసుకుని ఏం లాభం? వంపు మానిటర్ల సంగతి మరో రకం. వాటిలో ఎక్కువ 21:9 వెడల్పువి. కన్సోల్ ఇచ్చేది 16:9 బొమ్మ. రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి, లేదంటే మనుషులు అడ్డంగా సాగిపోయి కనిపిస్తారు.

అసలు చిక్కు మానిటర్ పెట్టె వెనుక ఉంటుంది. ముందువైపు ‘165 హెర్ట్జ్’ అని అరచేయంత అక్షరాలతో వేస్తారు. అదే పెట్టెను తిప్పి, బార్‌కోడ్ దగ్గర చీమ తలకాయంత అక్షరాలు చదవండి. మానిటర్‌కు కేబుల్ తగిలించే పోర్టులు రెండు రకాలు, డిస్‌ప్లేపోర్ట్, హెచ్‌డీఎంఐ. డిస్‌ప్లేపోర్ట్ ఎదురుగా 165 అని, హెచ్‌డీఎంఐ ఎదురుగా 75 అని కనిపించే మానిటర్లు ఉన్నాయి. కన్సోల్‌కు డిస్‌ప్లేపోర్ట్ ఉండదు, ఉన్నది హెచ్‌డీఎంఐ ఒక్కటే. అంటే ఆ 165 మీది కాదు, 75 మీది. పెట్టె మీద రాయకపోతే కంపెనీ వెబ్‌సైటులో మాన్యువల్ తెరిచి, ఏ పోర్టుకు ఎంత అన్న పట్టిక చూడాలి. ఈసారి సరుకులో ప్రతి మానిటర్‌కూ ఆ పట్టిక చూసే ఆర్డరు పెట్టాం.

‘హెచ్‌డీఎంఐ 2.1’ అన్న స్టిక్కర్‌ను కూడా పూర్తిగా నమ్మవద్దు. పాత 2.0 ప్రమాణాన్ని 2.1లో కలిపేశారు. కాబట్టి కొత్త సదుపాయాలు ఒక్కటీ లేకుండా 2.1 అని వేసుకున్నా నిబంధన ఒప్పుకుంటుంది. అందుకే అంకె అడగకండి. ‘హెచ్‌డీఎంఐలో 4కె 120 వస్తుందా, వీఆర్ఆర్ ఉందా’ అని అడగండి. మమ్మల్నే కాదు, ఎక్కడ కొన్నా.

వీఆర్ఆర్ (వేరియబుల్ రిఫ్రెష్ రేట్) గురించి రెండు మాటలు. ఆటలో ఫ్రేములు ఎప్పుడూ ఒకే లెక్కన రావు. పేలుళ్లు, జనం ఎక్కువైనచోట కన్సోల్ వెనకబడుతుంది. మానిటర్ మాత్రం తన లెక్కన తాను బొమ్మ మారుస్తూ పోతుంది, దాంతో తెర మధ్యలో బొమ్మ చిరిగినట్టో తడబడినట్టో ఉంటుంది. వీఆర్ఆర్ ఉంటే కన్సోల్ ఫ్రేము ఇచ్చినప్పుడే మానిటర్ బొమ్మ మారుస్తుంది. పీఎస్5కు ఇది 2022 ఏప్రిల్ నుంచి వచ్చింది, 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. అయితే హెచ్‌డీఎంఐ 2.1 పద్ధతి వీఆర్ఆర్ ఉన్న తెరనే అది గుర్తిస్తుంది. ఫ్రీసింక్ అనే మరో పద్ధతి వీఆర్ఆర్ మాత్రమే ఉన్న 2.0 మానిటర్‌ను పట్టించుకోదు. ఎక్స్‌బాక్స్ రెండింటినీ ఒప్పుకుంటుంది. ఒకే మానిటర్ ఎక్స్‌బాక్స్ ఉన్నవారికి మంచి బేరం, పీఎస్5 ఉన్నవారికి సగం బేరం కావడం ఇలాగే. అందుకే మీరు షాపులో అడుగు పెట్టగానే ‘ఇంట్లో ఏ కన్సోల్?’ అని అడుగుతాం. ధర ఆ తర్వాతే.

పీఎస్5లో 1440పి రాదు కదా అని ఇప్పటికీ అడుగుతున్నారు. 2020లో విడుదలైనప్పుడు లేని మాట నిజమే. 2022 సెప్టెంబరు అప్‌డేట్‌తో వచ్చింది. సెట్టింగ్స్‌లో స్క్రీన్ అండ్ వీడియోలోకి వెళ్తే మీ తెర 1440పి తీసుకుంటుందో లేదో పరీక్షించే మీట కూడా ఉంది. అక్కడే కన్సోల్ ఇప్పుడు ఏ రిజల్యూషన్‌లో, ఎన్ని హెర్ట్జ్‌లో పంపుతోందో చూపిస్తుంది. 120 హెర్ట్జ్ మానిటర్ కొని, అక్కడ 60 అని కనిపిస్తున్నా ఏళ్ల తరబడి ఆడుతున్నవారు ఉంటారు.

నా ఎంపిక అడిగితే, బల్ల మీద పెట్టుకుని మూడు అడుగుల దూరంలో కూర్చునేవారికి 27 అంగుళాల 1440పి ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని తెర రకం) మానిటర్, హెచ్‌డీఎంఐలోనే 120 వచ్చేది. సిరీస్ ఎస్‌కు అంతకన్నా ఖర్చు పెట్టడం దండగ. పీఎస్5 లేదా సిరీస్ ఎక్స్‌లో కథ ఉన్న పెద్ద ఆటలు తీరిగ్గా ఆడేవారు 4కె తీసుకోవచ్చు. అలాంటి ఆటలు బొమ్మ నాణ్యత పెంచి ఆడితే చాలావరకు 30, 60 ఫ్రేములలోనే నడుస్తాయి గనుక 4కె 60 మానిటర్ కూడా తప్పేమీ కాదు. ఇంకా పాత పీఎస్4 మీదే ఉన్నవారు 24 అంగుళాల మామూలు 1080పి తీసుకుని మిగిలిన డబ్బుతో ఆటలు కొనుక్కోండి.

వీఏ అనే మరో రకం తెరలో నలుపు చిక్కగా ఉంటుంది, కానీ చీకటి దృశ్యాలలో వేగంగా కదిలేవాటి వెనుక మసక చారలు పడతాయి. ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్ఈడీ తెర చూశాక మిగతావన్నీ వెలిసిపోయినట్టు ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ సెలవుల్లో రోజంతా ఒకే క్రికెట్ ఆట ఆడే పిల్లవాడు ఇంట్లో ఉంటే, కదలని స్కోరు పట్టీ కాలక్రమంలో తెర మీద మచ్చగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఇక వెలుగునీడల తేడా బాగా చూపిస్తుందని చెప్పే ‘హెచ్‌డీఆర్ 400’ స్టిక్కర్ కోసం అదనంగా రూపాయి కూడా ఇవ్వకండి. ఆ శ్రేణిలో అది అట్టడుగు మెట్టు.

హాలులో సోఫా మీద కూర్చుని అన్నదమ్ములు నలుగురూ కలిసి ఆడాలంటే మానిటర్ వద్దు, టీవీ కొనండి. మేము టీవీలు అమ్మం, అయినా చెబుతున్నాం. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ వేసుకోండి (మీట నొక్కాక బొమ్మ కదలడంలో ఆలస్యం తగ్గుతుంది), టీవీలో 120 వచ్చే పోర్టు ఏదో అడిగి దానికే కన్సోల్ పెట్టండి. అన్ని పోర్టులూ ఒకటి కావు.

జీఎస్టీ తగ్గింది కదా, ధర తగ్గించలేదేమని చాలామంది నిలదీశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది 32 అంగుళాలు దాటిన తెరలకు. 32 అంగుళాల వరకు 2019 జనవరి 1 నుంచే 18 శాతం. మీరు కొనే 27 అంగుళాల దాని మీద పన్ను మారలేదు. ఎవరైనా ‘జీఎస్టీ తగ్గింపు ధర’ అని 27 అంగుళాలకు బోర్డు పెడితే, అంతకుముందు ధర ఎంతో అడగండి.

కేబుల్ మా దగ్గర కొనవద్దు. కొత్త పీఎస్5 పెట్టెలో వచ్చేదే కావలసినది. పాత కన్సోల్ కొని కేబుల్ లేకపోతే మాత్రం ‘అల్ట్రా హైస్పీడ్’ అన్న ముద్ర, స్కాన్ చేసే చీటీ ఉన్నదే తీసుకోండి. మానిటర్‌లో స్పీకర్లు ఉండకపోవచ్చు, ఉన్నా దోమ మూలుగే. పీఎస్5 మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌ను తీసుకోదు, తీగ ఉన్నదాన్ని కంట్రోలర్‌కు తగిలించుకోవాలి.

మన ప్రాంతంలో మరో బెడద ఒకటుంది. సార్వా చేలు ఈనే రోజుల్లో రాత్రిపూట దీపం చుట్టూ ముసిరే పచ్చ దీపపు పురుగులు, ఇంకా సన్నటి నుసి పురుగులు. కిటికీ తెరిచి ఆడుతుంటే తెర వెలుగుకు వచ్చి వాలతాయి. నుసి పురుగులు వెనుక ఉన్న గాలి రంధ్రాల గుండా దూరి, తెర పొరల మధ్యకు కూడా చేరతాయి. తెర లోపల నల్లటి చుక్క నడుస్తూ కనిపిస్తే వేలితో నొక్కకండి. నొక్కితే అది అక్కడే చచ్చి, ఆ చుక్క శాశ్వతంగా ఉండిపోతుంది. మానిటర్ ఆపేసి, గదిలో మరోచోట దీపం వేసి వదిలేయండి. చాలాసార్లు దాని దారిన అది పోతుంది. పురుగు చేసిన మచ్చకు వారంటీ దొరకడం కష్టం. మాతో గొడవపడినా కంపెనీ ఇవ్వదు.

కొనేటప్పుడు కన్సోల్ ఫొటో కాదు, కన్సోల్‌నే తెండి. మీ ముందే పెట్టె విప్పి, తగిలించి, కన్సోల్ తెర మీద 120 అని చూపించి ఇస్తాం. ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు తెరలు వేసి, వెలగకుండానో రంగు మారకుండానో ఉండిపోయిన చుక్కలు వెతుక్కోండి, తొందరేమీ లేదు. ఒకటి రెండు చుక్కలు ఉంటే కంపెనీలు మార్చకపోవచ్చు గనుక డబ్బు కట్టక ముందే చూసుకోవాలి. షాపులో దొరికిన చుక్కకు ఆ మానిటర్ మా దగ్గరే ఉండిపోతుంది, మీకు మరొకటి విప్పుతాం.

రాజమహేంద్రవరం నుంచి సరుకు భోగికి వారం ముందే దిగుతుంది. అడ్వాన్సు అక్కరలేదు, కన్సోల్ పేరు, కూర్చునే దూరం చెప్పి పేరు రాయించుకుంటే చాలు. పండగ మూడు రోజులూ షాపు మూసి ఉంటుంది. కనుమనాడు మేమంతా జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉంటాం, ఆ రోజు ఫోను ఎవరూ ఎత్తరు.