ఆ కొక్కేలు ఇంకా ఉన్నాయి

సంపాదకునికి,

ఆస్ట్రేలియాలో కస్టడీలో చనిపోయిన 99 మంది ఆదివాసుల కేసులు ఒక్కొక్కటీ విచారించిన రాయల్ కమిషన్‌ను, అంటే ప్రభుత్వం వేసిన విచారణ సంఘాన్ని, చివరి దాకా నడిపి, 1991లో 339 సిఫారసులు ఇచ్చింది జస్టిస్ ఇలియట్ జాన్‌స్టన్. ఆ 99 మందిలో 43 మందిని చిన్నతనంలోనే కుటుంబాలకు దూరం చేశారని చదివితే నాకు గుండె కలుక్కుమంది.

వేరే దారి లేనప్పుడే జైలుకు పంపమన్నారాయన. సెల్‌లో ఉరికి ఆసరా అయ్యే కమ్మీలు, కొక్కేలు తీసేయమన్నారు. అదేమైనా పెద్ద పనా? చాలా జైళ్లలో అవి ఇంకా అలాగే ఉన్నాయి. ఆ నివేదిక తర్వాత కూడా 500 మందికి పైగా ఆదివాసులు కస్టడీలోనే పోయారు. జాన్‌స్టన్ 2011లో కన్నుమూశారు.

ఇక్కడ ఇల్లు కొనుక్కుని, పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు నాదొక్కటే మనవి. ఈసారి ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని ఆ కొక్కేల సంగతి అడగండి.

– ఒక పాఠకుడు, అడిలైడ్