కొట్టు మూసినవాడికీ ఒక దారి కావాలి

ఆర్యా,

కొత్తగా వ్యాపారం పెట్టేవారికి ప్రభుత్వాలు ఇస్తున్న ప్రోత్సాహకాల గురించి మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. ఒకసారి పెట్టి, నష్టపోయి, మూసేసి, మళ్లీ పెట్టాలనుకునేవాడి సంగతి మాత్రం ఎక్కడా కనిపించడం లేదు గనుక, ఆ దారిన వచ్చినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

గోపాలపట్నంలో మా నాన్నగారు మొదలుపెట్టిన టెంట్ హౌస్‌ను ఆయన తరువాత పద్నాలుగేళ్లు నేను నడిపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు గోడౌను రేకులు లేచిపోయి షామియానాలు పీలికలైనా, మరుసటి మాఘమాసపు పెళ్లిళ్ల నాటికి తేరుకున్నాం. 2020లో అలా కుదరలేదు. లాక్‌డౌన్ సడలించాక కూడా పెళ్లికి 50 మందికి మించి రాకూడదన్న రోజుల్లో ఐదు వందల కుర్చీలున్నవాడితో ఎవరికి పని? అంతకు ముందు ఏడాదే లైటింగు సామానుకూ, ఒక లగేజీ వ్యానుకూ బ్యాంకు అప్పు తీసుకుని ఉన్నాను. మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాలు ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు వాడుకున్నాను గానీ, ఆ ఆరు నెలల వడ్డీ పోయి బాకీలోనే కూర్చుంది. 2021 చివర్లో షట్టరు దించేశాను. ఇత్తడి గుండిగలు పూర్ణా మార్కెట్లో తూకానికి ఇచ్చేశాను. వాటి అంచుల మీద నాన్నగారి పేరు చెక్కించి ఉండేది. కొన్నాయన ఆ పేరు అరగదీయించాలంటూ కిలోకు పది రూపాయలు తగ్గించాడు. ఆ మధ్య సింహాచలంలో ఒక పెళ్లికి వెళితే, పులిహోర కలుపుతున్న గుండిగ అంచున ఆ పేరు అలాగే ఉంది.

ఇక అసలు విషయం. మిగిలిన బాకీలో మూడో వంతు దాకా తగ్గిస్తామని, తక్కినది ఒకేసారి కడితే ఖాతా ముగిస్తామని బ్యాంకువారు అన్నారు. నా భార్య నగలు అమ్మి కట్టాను. పూర్తిగా తీర్చి ఖాతా మూయించుకోవడం వేరు, ‘సెటిల్‌మెంట్’ చేసుకోవడం వేరు అని ఆనాడు నాకు ఒక్కరూ చెప్పలేదు. 2024లో పిండి రుబ్బే పెద్ద గ్రైండర్ల కోసం మరో బ్యాంకుకు వెళితే, మేనేజరుగారు నా పాత అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదిక తెరచి ‘సెటిల్డ్’ అన్న మాట చూపించి, మర్యాదగానే పంపించేశారు. రాజీ కుదుర్చుకున్నవారికి మళ్లీ అప్పు ఇవ్వడానికి కనీసం 12 నెలల ఎడం ఉండాలని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఒక మార్గదర్శకం ఇచ్చింది. ఆ ఏడాది గడువు నా విషయంలో ఎప్పుడో దాటిపోయింది. అయితే రుణ సమాచార సంస్థల దగ్గర వివరాలు కనీసం ఏడేళ్లు ఉంటాయి కాబట్టి, గడువు తీరినా మచ్చ మాత్రం అలాగే ఉంది. అంతకన్నా బాధ కలిగించినది మరొకటి. 25 కోట్ల రూపాయల లోపు రుణాలున్న చిన్న సంస్థలు, ఖాతా మొండిబాకీగా మారకముందే తమను ఆదుకోవాలని బ్యాంకు కమిటీని కోరవచ్చని 2016 మార్చిలోనే ఆదేశాలు ఉన్నాయట. ఇల్లు కాలిపోయాక బావి ఎక్కడుందో చెప్పినట్లు, ఈ సంగతి నాకు సెటిల్‌మెంట్ అయ్యాక తెలిసింది.

మన జనం నోట ‘ఐపీ పెట్టాడు’ అన్నది ఒక తిట్టు. పదిమంది దగ్గర చీటీ డబ్బులు పోగుచేసి రాత్రికి రాత్రి ఊరు విడిచినవాడినీ, ఉన్నదంతా అమ్మి తీర్చినంత తీర్చినవాడినీ ఆ మాట ఒకే గాటన కడుతుంది. నిజానికి ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. అప్పు తీర్చలేనివాడు కోర్టుకు చెప్పుకొనే హక్కు. అయితే మావంటివారికి ఆ హక్కు ఇచ్చేది నేటికీ 1920 నాటి చట్టమే. బాకీ 500 రూపాయలైతే పిటిషన్ వేయవచ్చన్న మాట అందులో ఇంకా ఉందంటే అది ఏ కాలపు చట్టమో పాఠకులే ఊహించగలరు. 2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం, భాగస్వామ్య సంస్థల కోసం ఒక భాగం రాసిపెట్టారు. దానిని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల వరకే అమలులోకి తెచ్చారు. నిరుపేద రుణగ్రహీతకు బాకీ మాఫీ చేసి కొత్తగా మొదలుపెట్టనిచ్చే పద్ధతి కూడా ఆ భాగంలోనే ఉంది. దానికి అర్హత ఏడాదికి 60,000 రూపాయల లోపు ఆదాయం, 35,000 లోపు బాకీ. ఈ లెక్కన అది అమలులోకి వచ్చినా ఒక టెంట్ హౌస్‌వాడికి పనికిరాదు. కంపెనీ పెట్టి మునిగినవాడికి ట్రిబ్యునల్ ఉంది, సొంత పేరున కొట్టు పెట్టి మునిగినవాడికి ఊరి మాటలే ఉన్నాయి.

నేను ఇప్పుడు కంచరపాలెంలో ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్లు చేసి కిరాణా కొట్లకు వేస్తున్నాను. మొదటి వేసవిలో, మన ఊరి ఉక్కకు ప్యాకెట్లు మధ్యాహ్నానికే ఉబ్బిపోయి, ఒక్క రోజులో నలభై వెనక్కి వచ్చాయి. తెల్లవారుజామున రుబ్బి, ఆరు లోపల కొట్లకు చేర్చి, ఫ్రిజ్ లేని కొట్టుకు వేయనే వేయననడం నేర్చుకున్నాక అది తగ్గింది. టెంట్ హౌస్‌లో పెళ్లివారి దగ్గర నెలల తరబడి అరువు మోసి దెబ్బతిన్నాను గనుక, ఇక్కడ ఏ రోజు డబ్బు ఆ రోజే. ఒకసారి ఓడినవాడికి ఎక్కడ కాలు జారుతుందో తెలుసు. అప్పు ఇచ్చేవాడికి అంతకన్నా పూచీ ఏముంటుందో నాకు అర్థం కాదు.

నేను కోరేవి పెద్దవేమీ కావు. సెటిల్‌మెంట్ పత్రం మీద సంతకం పెట్టించుకునే ముందు, దానివల్ల నివేదికలో ఏమి రాస్తారో, తక్కిన మొత్తం తరువాత కడితే ఆ మాట మారుతుందో లేదో, తెలుగులో రాసి చేతికివ్వాలి. జిల్లా పరిశ్రమల కేంద్రంలో కొత్త యూనిట్లకు దరఖాస్తులు తీసుకునే చోటే, మూసేవారికి బాకీల గురించీ, జీఎస్టీ రద్దు, చివరి రిటర్ను గురించీ చెప్పే మనిషి ఒకరు ఉండాలి. వ్యక్తుల దివాలా భాగాన్ని, పరిమితులు సవరించి, అమలులోకి తెమ్మని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

అంతవరకు నా గ్రైండర్ల అప్పు నా భార్య పేరునే ఉంటుంది. కాగితాల మీద యజమానురాలు ఆమె. వాయిదా కట్టడానికి ఆమె కౌంటరు దగ్గర నిలబడితే, నేను బయట బెంచీ మీద కూర్చుంటాను.

ఇట్లు,
ఒక చిరు వ్యాపారి,
కంచరపాలెం, విశాఖపట్నం