శీనుగాడికి, సాన్ హోసే నుంచి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా, మోకాలు నెప్పి తగ్గిందా. పోయినసారి ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "మీ అమ్మాయి చిన్ని వేసవిలో వచ్చి ఇరవై రోజులుంది, మీ అమ్మ దాని పక్కన కూర్చుని చెయ్యి నిమురుతూనే ఉంది గానీ ఇద్దరి మధ్యా పట్టుమని పది మాటలు నడవలేదు రా" అన్నావ్ చూడు, ఇంకెవరన్నా అనుంటే కోపం వచ్చేది, నువ్వన్నావు కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడు జవాబు చెప్పలేక ఏదో మీటింగ్ ఉందని పెట్టేశా. ఇప్పుడు రాస్తున్నా, పెద్ద ఉత్తరమే అవుతుంది, తీరిగ్గా చదువుకో.

మా ఎదురింట్లో ఒక జపనీస్ పెద్దావిడ ఉంటుందని చెప్పా కదా, తొంభై దాటాయి, ఇప్పటికీ తన పెరడు తనే ఊడ్చుకుంటుంది. చిన్ని ఆవిణ్ణి బాచాన్ అంటుంది, అంటే మన బామ్మ అన్నట్టే. వాళ్ల పెరట్లో పెర్సిమన్ చెట్టుంది, ఆ పండు నువ్వు చూసుండవు, నారింజ రంగులో టమాటాకీ సపోటాకీ మధ్యలో ఉంటుంది, పచ్చిగా కొరికితే నోరంతా పిడచకట్టుకుపోతుంది. నవంబర్ వస్తే ఆవిడ వాటి తొక్క తీసి, తొడిమకి దారం కట్టి, వెనక వరండాలో వెదురు కర్రకి వరసగా వేలాడదీస్తుంది. వారం పోయాక పైన పొర కట్టాక అసలు పని మొదలవుతుంది, ఒక్కో పండునీ చేతిలోకి తీసుకుని, పసిపిల్ల కాలు పట్టినట్టు మెల్లగా నొక్కాలి, లోపల గుజ్జు మెత్తబడాలి, పైన చిల్లు పడకూడదు. ఇలా రోజు విడిచి రోజు నెల పైన చేస్తే లోపలి తీపంతా పైకొచ్చి తెల్లగా పిండి పూసినట్టవుతుంది. హోషిగాకి అంటారు. మొదటిసారి తిన్నప్పుడు నాకు మా అమ్మ మేడ మీద తాటాకు చాప పరిచి పొర మీద పొర పోసి ఎండబెట్టే తాండ్రే గుర్తొచ్చింది.

ఈ ఏడు ఆవిడ వేళ్లు వంగట్లేదు, చిన్నిని సాయం రమ్మంది. నేనూ వెళ్లి కూర్చుంటున్నా. చేతులు పనిలో ఉంటే ఆవిడకి మాటొస్తుంది, మామూలుగా అడిగితే ఏమీ చెప్పదు.

ఆవిడ ఇక్కడే పుట్టింది, 1934లో. వాళ్లల్లో తరాలకి పేర్లున్నాయి రా, ఇచి, ని, సాన్ అంటే ఒకటి, రెండు, మూడు, అలా వలసొచ్చినవాళ్లు ఇస్సేయ్, ఇక్కడ పుట్టిన పిల్లలు నిసేయ్, మనవలు సాన్సేయ్. బాచాన్ నిసేయ్. వాళ్లమ్మ 1918లో ఓడెక్కి వచ్చిందట, అంతకుముందు పెళ్లికొడుకుని ఫోటోలో తప్ప చూడలేదు. నాన్న ఈ లోయలోనే స్ట్రాబెర్రీలు పండించేవాడు, కౌలుకి. సొంత నేల కొనడానికి లేదు, 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదని. పౌరసత్వం ఎందుకు లేదూ అంటే తెల్లవాళ్లు కాదు కాబట్టి. ఒజావా అనే ఒకాయన ఇరవై ఏళ్లు ఇక్కడే బతికి, ఇక్కడే చదువుకుని, సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. నాకు ముల్లులా గుచ్చుకున్నదేంటంటే, ఆయన తన వాదనలో మా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతాం, మా పిల్లలకి జపనీస్ రాదు అని గొప్పగా రాసుకున్నాడు రా. అయినా 1922లో కాదు పొమ్మన్నారు. మరుసటి ఏడు 1923లో మన పంజాబీ సిక్కు, భగత్ సింగ్ థింద్‌కీ అదే కోర్టు అదే మాట చెప్పింది, అప్పటికే ఆయన అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అంటే ఒకే గుమ్మం ముందు వాళ్లూ మనవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు నిలబడ్డారన్నమాట, మనకెవరూ చెప్పలేదంతే.

బాచాన్‌కి స్కూల్ అయ్యాక రోజూ జపనీస్ బడి ఉండేది. మిగతా పిల్లలు ఆడుకుంటుంటే తను సంచి తగిలించుకుని అటు పోవాలి. ఏడ్చేదాన్ని అంది. మన చిన్ని ఇక్కడి తెలుగు బడి, మనబడికి వెళ్లనని కారు సీటుబెల్టు పట్టుకుని కూర్చునేది చూడు, సరిగ్గా అదే. కానీ బ్యాంకుకైనా డాక్టర్ దగ్గరికైనా అమ్మ వెంట వెళ్లి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాల్సింది తనే, ఏడేళ్లకి. అమ్మ కంటే నేను పెద్దదాన్నని అనిపించేది, అది నాకు నచ్చేది కాదు అంది.

రెండో వాచకంలో ఉండగా పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది, 1941 డిసెంబర్ 7. ఆ వారంలోనే జపనీస్ బడి మాస్టార్లనీ, బౌద్ధ గుడి పూజార్లనీ పోలీసులు పట్టుకుపోయారు. ఇళ్లల్లో జపనీస్ కాగితం కనిపిస్తే ప్రమాదమని అందరూ తగలబెట్టుకున్నారు. వాళ్లమ్మ పెరట్లో ఉత్తరాలూ ఫోటోలూ వేసి, ఆఖర్న ఈవిడ వాచకం కూడా వేసింది. "పేజీలు ఒక్కసారి కాలవు, ఒక్కోటీ విచ్చుకుని కాలుతుంది, నా చేతిరాత కనపడుతూనే ఉంది" అంది బాచాన్, పండు నొక్కడం ఆపలేదు.

1942 ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. పడమటి తీరంలో ఉన్న జపనీస్ వాళ్లు దాదాపు 1,20,000 మందిని తీసుకెళ్లి శిబిరాల్లో పెట్టారు, అందులో మూడింట రెండు వంతులు ఇక్కడే పుట్టిన పౌరులు. చేత్తో మోయగలిగిందే తెచ్చుకోమన్నారు. సాన్ హోసే వాళ్లని ముందు లాస్ ఏంజిలెస్ దగ్గర శాంటా అనిటా గుర్రప్పందేల మైదానంలో పెట్టారు, చాలామందికి గుర్రాల కొట్టాలే ఇళ్లు. తర్వాత వ్యోమింగ్‌లో హార్ట్ మౌంటెన్, చుట్టూ ముళ్లకంచె, తారుకాగితం కప్పిన రేకుల్లేని చెక్క గదులు, ఒక కుటుంబానికి ఒక గది, చలి ఎముకల్లో దిగేది. అన్నం మాత్రం పెద్ద హాల్లో, అందరూ కలిసి. ఆవిడకి చలి కంటే ఇదే ఎక్కువ గుర్తుంది, పిల్లలు పిల్లలతో కూర్చుని తినేసేవాళ్లట, అమ్మానాన్నల దగ్గర కూర్చునేవాళ్లు కాదు. "మూడేళ్లలో మేం కుటుంబంగా కూర్చుని తినడమే మర్చిపోయాం, మా నాన్న మాట వినడం అక్కడే ఆగిపోయింది" అంది. పెద్దన్నయ్య ఆ శిబిరం నుంచే సైన్యంలోకి వెళ్లాడు, 442వ రెజిమెంట్, దాదాపు అంతా నిసేయ్ కుర్రాళ్లే, ఇటలీ, ఫ్రాన్స్‌లో పోరాడారు. కొడుకు ఈ దేశం యూనిఫాంలో, తల్లిదండ్రులు ఈ దేశం కంచె లోపల. దీనికి నేను మాట కలపలేను రా.

నువ్వు 2019లో వచ్చినప్పుడు మా ఎయిర్‌పోర్ట్‌లో దిగావే, నార్మన్ మినేటా అని పేరు, ఎవరీయన అని నువ్వడిగితే ఎవరో రాజకీయ నాయకుడన్నా. సిగ్గుగా ఉంది తలచుకుంటే. ఆయనా సాన్ హోసే పిల్లాడే, పదేళ్లప్పుడు బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని రైలెక్కబోతే ఆయుధమని సైనికులు లాక్కున్నారు, ఆయనా హార్ట్ మౌంటెనే. తర్వాత ఇదే ఊరికి మేయర్ అయ్యాడు, కేంద్రంలో మంత్రయ్యాడు. 2001లో న్యూయార్క్ జంట టవర్ల మీద దాడులప్పుడు రవాణా మంత్రి ఆయనే, ఒంటి రంగు చూసీ మతం చూసీ ప్రయాణికుల్ని వేరు చెయ్యకూడదని గట్టిగా నిలబడ్డాడు. ఆ రోజుల్లో మన సర్దార్జీలు వీధిలోకి రావడానికి భయపడ్డారు, నేనే గడ్డం తీసేశా, నీకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. తిరిగొచ్చేసరికి బాచాన్‌కి పదకొండేళ్లు. ఆ రోజు నుంచి జపనీస్‌లో నోరు విప్పలేదట. అమ్మ జపనీస్‌లో అడిగితే ఈవిడ ఇంగ్లీషులో చెప్పేది. పెళ్లయ్యాక పిల్లల చెవిన ఒక్క ముక్క పడనివ్వలేదు. వాళ్లమ్మ ఆ ఇంట్లోనే మనవలతో ఇరవై ఏళ్లకు పైగా ఉండి 1979లో పోయింది, మనవలకి ఆవిడతో ఉన్న మాటలు "రా", "తిను", "చాలు", అంతే. 1988లో రీగన్ సంతకంతో క్షమాపణా, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లూ మంజూరయ్యాయి, ఆ తల్లికి అందలేదు.

వాళ్లమ్మ శిబిరంలో రాసుకున్న నోటుపుస్తకం ఒకటుంది. చూపించింది, సన్నటి గీతల్లాంటి చేతిరాత, ఆఖరి పేజీ దాకా నిండిపోయి ఉంది. బాచాన్ కి అది చదవడం రాదు, ఆవిడ చదువు రెండో వాచకం దగ్గర ఆగిపోయింది కదా. చిన్ని ఊరుకోకుండా, ఎవరితోనైనా చదివించుకోవచ్చుగా అని అడిగింది. బాచాన్ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అందులో నా గురించి ఏం రాసిందో అని భయం" అంది.

చిన్ని ఇంటికొచ్చాక అన్నం తినలేదు.

శీనూ, ఆవిడకి భాష పోయిందంటే దానికి కంచె ఉంది, తుపాకీ ఉంది, మంట ఉంది. నాకేం ఉంది రా? ఎవరు తగలబెట్టమన్నారు? చిన్ని కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు టీచరు ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే త్వరగా అందుకుంటుంది అంది, ఆ సాయంత్రం నుంచే నేను మార్చేశా, ఒక్క ప్రశ్న అడగలేదు. అది నాన్నా ఆకలేస్తోంది అంటే నేను ఇంగ్లీషులో తిరిగి చెప్పించేవాణ్ణి. అది నేర్చుకోలేదనడం అబద్ధం, దాని నోట్లో ఉన్నదాన్ని నేనే తీసేశా. నువ్వు ఫోన్లో అడిగినదానికి జవాబు ఇదే.

మొన్న రాత్రి అది నా దగ్గరికొచ్చి, నాన్నమ్మ తాండ్రలో బెల్లం వేస్తుందా పంచదార వేస్తుందా అని అడిగింది. నాకు తెలీదు రా. పన్నెండేళ్లు ఆ చాప పక్కన కాపలా కూర్చుని కాకుల్ని తోలినవాణ్ణి, తెలీదు. అది కూర్చుని ప్రశ్నలు రాసింది, తెలుగులోనే, ఒత్తులు సగం తప్పులు, నేను దిద్దలేదు. పదకొండు ప్రశ్నలున్నాయి. ఒకటి, నీకు చిన్నప్పుడు ఎవరంటే భయం అని.

నువ్వు ఒక పని చెయ్యాలి. వచ్చే ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మా అమ్మ దగ్గరికి వెళ్లు, మాకప్పుడు శనివారం సాయంత్రం అవుతుంది. అమ్మకి వీడియో పెట్టడం రాదు, ఫోన్ నువ్వే పట్టుకో, మొహం కనపడేలా. వినికిడి మిషన్ పెట్టించు. చిన్ని తడబడుతుంది, మధ్యలో ఆగిపోతుంది, నువ్వు మాత్రం అందుకోవద్దు, ఇంగ్లీషులో చెప్పొద్దు, ఎంతసేపైనా సరే ఆగు. ఈ కవర్లోనే రెండు హోషిగాకి పెట్టా, ఒకటి నీకు, ఒకటి అమ్మకి, పళ్లు లేవు కదా, సన్నగా కోసి పెట్టు.

నీ
రాజు