మనాలి ట్రిప్: బ్యాగు సర్దే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. కర్నూలు ఎండలో కూర్చుని బియాస్ నది నీళ్లు ఏం చల్లగుంటాయిలే అనుకోవద్దు. మే నెలలో కూడా అవి కరిగిన మంచు నీళ్లే. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. నైలాన్ ట్రాక్‌ప్యాంటు, వెనక పట్టీ ఉన్న చెప్పులు చాలు.

రాఫ్టింగ్, అంటే రబ్బరు పడవలో నది మీద ప్రయాణం, కులు దగ్గరి పిర్డీ నుంచి ఝిరీ వరకు, సుమారు 14 కిలోమీటర్లు. లైఫ్ జాకెట్ బిగించుకున్నాక భుజాల దగ్గర పట్టి పైకి లాగమని పక్కవాళ్లకు చెప్పండి. గడ్డం దాటి వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. తెడ్డు పిడి చివర ఇంగ్లిష్ T అక్షరం ఆకారంలో ఉంటుంది, దాని మీంచి చెయ్యి అస్సలు తీయొద్దు. పక్కవాళ్ల పళ్లు రాలగొట్టేది అదే.

నీళ్లలో పడితే వెల్లకిలా తేలండి, కాళ్లు ప్రవాహం పోయే వైపు, కాలి వేళ్లు పైకి. మోకాలి లోతే కదా అని నిలబడొద్దు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే వెనకనుంచి నీటి ఉరవడి మనిషిని తోసి తల ముంచేస్తుంది. తాడు విసిరితే పట్టుకోండి, చేతికి చుట్టుకోవద్దు.

వేడినీటి స్నానం రాఫ్టింగ్ అయ్యాకే. మణికరణ్ వేడినీటి ఊటలో గుడ్డలో మూటగట్టిన బియ్యం ఉడికిపోతుంది, కాబట్టి స్నానానికి కట్టిన తొట్టిలోనే దిగాలి. మహానంది కోనేట్లో లాగా ఒక్కసారిగా మునిగేది కాదు. ముందు పాదాలు, తర్వాత నడుము, మొత్తం 10 నిమిషాలు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దిగొద్దు. మనాలి పక్కనున్న వశిష్ఠ్ ఊరి వేడినీటి ఊటలో గంధకం వాసన వస్తుంది, వెండి పట్టీలు తీసేయండి, నల్లబడతాయి.

జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు హిమాచల్‌లో రాఫ్టింగ్ బంద్. ఆ మధ్య తేదీలు అడగొద్దు.