మీ తాతయ్య కూడా వంతే

సట్టన్,
ఆదివారం

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "మోకాలు పోయిందమ్మా. ఇక డగౌట్‌లో కూర్చుని మేనేజర్‌కి వంత పాడటమే నా పని" అన్నావు. ముప్పై మూడేళ్ళకే ఫుట్‌బాల్ బూట్లు విప్పాల్సి రావడం ఎంత బాధో నాకు తెలుసు. దానికి నా దగ్గర మందు లేదు. కానీ మీ మేనేజర్ నీకిస్తానన్న అసిస్టెంట్ మేనేజర్ పనిని వంత పాడటం అని తీసిపారేశావే, అది మాత్రం నాకు గుచ్చుకుంది. ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావని రాస్తున్నాను.

మీ తాతయ్య బుర్రకథలో వంత. గుంటూరు జిల్లాలో ఏ ఊళ్ళో కథ ఉన్నా నన్ను వెంటబెట్టుకెళ్ళేవాడు. నడుమ కథకుడు తంబురా మీటుతూ చిందులేస్తుంటే పక్కన డక్కీ పట్టుకుని నాన్న నిలబడేవాడు. మర్నాడు ఊరంతా చెప్పుకునేది కథకుడి పేరే. నేను మాత్రం చాప మీద కూర్చుని నాన్న కళ్ళనే చూసేదాన్ని. ఆ కళ్ళు జనం మీద ఉండేవి కావు, కథకుడి గొంతు మీద ఉండేవి. ఎక్కడ ఆయనకు ఊపిరి అందదో నాన్నకి ముందే తెలిసిపోయేది. "ఆహా! ఆ తర్వాత?" అని ఒక ప్రశ్న వేసి డక్కీ మీద నాలుగు దెబ్బలు వాయించేవాడు. ఆ కాస్త వ్యవధిలో కథకుడు గుక్క తిప్పుకునేవాడు. జనానికి అదీ కథలో భాగమే.

మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు సట్టన్ యునైటెడ్‌నే చూడు. 2019లో మేనేజర్‌గా వచ్చిన మ్యాట్ గ్రే అంతకుముందు ఆల్డర్‌షాట్, క్రాలీ క్లబ్బుల్లో అసిస్టెంట్‌గా చేసినవాడే. ఇక్కడ అతని పక్కన నిలబడింది జేసన్ గుడ్‌లిఫ్. నీలాగే సెంటర్ హాఫ్, అంటే నడుమ నిలబడి గోల్ కాచే డిఫెండర్. హేస్, స్టీవనేజ్, ఏఎఫ్‌సీ వింబుల్డన్ అంటూ ఆట వయసంతా ఎక్కువగా నాన్ లీగ్‌లోనే, అంటే పై నాలుగు డివిజన్ల కిందనే గడిపాడు. వాళ్ళిద్దరి చేతుల మీదుగా 2021 మే 23న హార్ట్‌లీపూల్‌ని 3-0తో ఓడించి నేషనల్ లీగ్ గెలిచాం. 1898లో పుట్టిన క్లబ్బు మొదటిసారి ఆ పై నాలుగు డివిజన్ల 92 క్లబ్బుల్లో చేరింది. పై లీగ్ నిబంధన వల్ల మన గ్రౌండ్ గ్యాండర్ గ్రీన్ లేన్‌లో ఆర్టిఫిషియల్ పిచ్ పీకేసి అసలు గడ్డి వేయాల్సి వస్తే, ఆ ఖర్చు గురించి కూడా సంతోషంగానే మాట్లాడుకున్నాం.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఈఎఫ్‌ఎల్ ట్రోఫీ ఫైనల్‌కి వెంబ్లీ స్టేడియానికి నువ్వే కదా తీసుకెళ్ళావు. రోథర్‌హామ్ మీద 2-1తో ముందున్నాం, ఇంజ్యురీ టైమ్ ఆరో నిమిషంలో వాళ్ళు గోల్ కొట్టి సమం చేశారు. చివరికి 4-2తో ఓడిపోయాం. ఇంటికొచ్చే దారంతా నువ్వు ఆ గోల్ గురించి కాదు, ఎక్స్‌ట్రా టైమ్‌కి ముందు అలసిపోయిన కుర్రాళ్ళకి ఏం చెప్పి లేపి ఉంటారా అని మాట్లాడావు. నీకు గుర్తులేదేమో, నాకుంది.

ఇంకొకటి కూడా గుర్తుంది. నీకు పంతొమ్మిదేళ్ళు. నవంబర్, సన్నగా వాన. నువ్వు వెనక్కి ఇచ్చిన పాస్ పొట్టిగా పడి, వాళ్ళ స్ట్రైకర్ గోల్ కొట్టేశాడు. మ్యాచ్ అయ్యాక మేనేజర్ విసురుగా లోపలికెళ్ళిపోయాడు. నువ్వు సెంటర్ సర్కిల్‌లో ఒక్కడివే నిలబడిపోయావు. నేను రెయిలింగ్ దాటి రాలేను. అప్పుడు మీ అసిస్టెంట్, ఆ నెరిసిన జుట్టాయన, బంతుల సంచి ఈడ్చుకుంటూ నీ దగ్గరికొచ్చాడు. పాస్ ఊసెత్తలేదు. ఒక తాడు నీ చేతికిచ్చి "బరువుగా ఉంది, పట్టు" అన్నాడట. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని నడుస్తూ లోపలికెళ్ళారు. ఆ రాత్రి నువ్వు అన్నం తిన్నావు. తినవేమోనని ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. ఆయనకి నేను ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు.

ఆయన్ని ఎప్పుడైనా వంత పాడేవాడు అనుకున్నావా?

పగలు స్కూల్లో పిల్లలకి పాఠాలు, మంగళ గురువారాలు రాత్రి ప్రాక్టీస్, శనివారం మ్యాచ్. ఇది తేలిక కాదు. పైగా జీతం కూడా అంతంతమాత్రం. 1989లో ఎఫ్‌ఏ కప్‌లో టాప్ డివిజన్ క్లబ్బు కొవెంట్రీని 2-1తో ఓడించిన మన సట్టన్ మేనేజర్ బ్యారీ విలియమ్స్ కూడా ఇంగ్లీషు మాస్టారుగా చేసినవాడే. గెలిపించిన గోల్ కొట్టిన మాథ్యూ హాన్లన్ తాపీ పనివాడు. మన ఇంటికి కిలోమీటరు దూరం లేని గ్రౌండ్‌లో జరిగింది ఇదంతా.

మీ మేనేజర్‌కి నీ జవాబు నువ్వే చెప్పుకో, నేను బలవంతం చేయను. ఒప్పుకుంటే మాత్రం నీ పాత బూట్లు తీసుకెళ్ళు. గరాజ్‌లో పైఅరలో ఉన్నాయి, మట్టి కడిగి పెట్టాను. తడి గడ్డిలో కోన్‌లు పెట్టేటప్పుడు మామూలు షూస్ జారతాయి. మోకాలు అసలే బాగాలేదు.

అమ్మ